ఇప్పాకు మీద పెట్టిన పేరు

పోయిన వారం మణుగూరు బస్టాండు వెనక సందులో, బాలకృష్ణ నెట్ సెంటర్ గుమ్మం దగ్గర కథ ఆగింది. గుర్తున్నవాళ్లు నాలుగు పేరాలు దాటుకుని వెళ్లిపోవచ్చు. మిగతావాళ్ల కోసం మళ్లీ చెబుతాను. ఈ ఎండలకు ఎవరికైనా మతిమరుపు వస్తుంది, నాతో సహా.

శారదది అడవిలో ఒక కోయగూడెం. డిగ్రీ చదివింది, ఉద్యోగం రాలేదు, అయినా ఖాళీగా కూర్చునే రకం కాదు. గూడెంలో పదకొండు మంది ఆడవాళ్లు కుట్టే అడ్డాకు విస్తళ్లను నెట్‌లో పెట్టి పట్నంవాళ్లకు అమ్ముదామని బయల్దేరింది. కాలేజీలో తనతో చదివిన బాలకృష్ణ సాయం పట్టాడు. కంప్యూటర్లు అతనివి, నెట్టు అతనిది, ఉత్సాహం అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే ఉంది. ఆ ఎక్కువ ఉత్సాహం విస్తళ్ల మీద కాదని మీలో చాలామంది ముందే కనిపెట్టారు. శారద ఇంకా కనిపెట్టలేదు, లేదా కనిపెట్టనట్టు ఉంది.

అన్నీ కుదిరాయి, పేరొక్కటే కుదరలేదు. మంచి పేరు తడితే దాన్ని నెట్‌లో ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. ఎవరూ తీసుకోని పేరు దొరికితే శారద తల్లి గంగక్క తల అడ్డంగా ఊపింది. వనలక్ష్మి అంటే, ఆమె మన గూడెం పిల్ల కాదు గదా అంది. అడవితల్లి అంటే, తల్లిని ఇస్తరాకుల లెక్క కట్టకట్టి అమ్ముకుంటమా అంది. గంగక్క ఊ అంటే పదకొండు మందీ ఊ అన్నట్టే. ఆమె ఊ అనకపోతే ఒక్క ఆకు కూడా గూడెం దాటదు. ఇక హైదరాబాద్ ప్రదర్శనలో స్టాల్ కోసం ఫారం ఇవాళ సాయంత్రం ఐదింటిలోపు మెయిల్లో వెళ్లాలి. అందులో పేరూ, వెబ్‌సైటు అడ్రసూ రెండూ ఉండాలి. నాలుగింటికి కరెంటు పోతుంది, ఆరింటికి గానీ రాదు.

ఇంకొక్కటి కూడా గుర్తు చేయాలి. శారద తండ్రి దూలయ్య ఆమె పారాడే వయసులో రోడ్డు పనికని వెళ్లాడు. ఇరవై రెండేళ్లయింది, తిరిగి రాలేదు. గంగక్క ముందు ఆ పేరు ఎవరూ ఎత్తరు.

అలాంటి గంగక్క మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కబురూ గిబురూ లేకుండా ఆటో దిగి, నెట్ సెంటర్ గుమ్మంలో నిలబడి, కొంగు ముడి విప్పి ఒక లేత ఇప్పాకు తీసి, "పేరు నేను తెచ్చిన" అంది. అక్కడ ఆపాం.

ఇప్పుడు లోపలికి రండి.

"కూర్చో పెద్దమ్మా" అంటూ బాలకృష్ణ కుర్చీ జరిపాడు. అది చక్రాల కుర్చీ. గంగక్క దాని మీద చెయ్యి వేయగానే అది వెనక్కి పోయింది. ఆమె దానివంక అనుమానంగా చూసి, పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. బాలకృష్ణ కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. ఆమె గ్లాసు ఎత్తి పోసుకుని తాగింది. ఆకు మాత్రం ఎడమ చేతిలోంచి దింపలేదు.

శారద ఆ ఆకునే చూస్తూ ఉంది. అది ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు. తెలియనిది బాలకృష్ణకే.

"పూజకా పెద్దమ్మా?" అని అడిగాడు.

"పేరుకు" అంది గంగక్క. "మా దాంట్ల బిడ్డ పుట్టిన ఏడో రోజు అరచేతుల ఇప్పాకు పెట్టి ఒక పేరు చెప్తరు బాబు. బిడ్డ పిడికిలి మూసిందనుకో, ఆ పేరు పట్టినట్టు. ఏడ్చినా, ఆకు ఇడిచిపెట్టినా ఒల్లనన్నట్టు. అప్పుడు ఆ ఆకు పారేసి, ఇంకో ఆకు పెట్టి, ఇంకో పేరు చెప్తరు. పట్టేదాక చెప్తనే ఉంటరు."

"అంటే పేరు పెద్దవాళ్లు పెట్టరా?"

"మనం చెప్తం, అంతే. పట్టుడు బిడ్డది."

బాలకృష్ణ ఒక్క నిమిషం ఆలోచించాడు. వాళ్లింట్లో అతనికి పేరు పెట్టింది మేనత్త. ఆవిడ అతని ఇష్టం అడిగిన దాఖలా లేదు.

"నిన్నటిసంది మీరు చెప్పిన పేర్లన్నిటికి నేను ఎందుకు ఒద్దంటున్నన్నో మీకు అర్థం గాలే" అంది గంగక్క. "పేర్లు బాగలేక కాదు. చెప్తున్నరు, ఈ కంప్యూటర్ డబ్బాల కొడ్తున్నరు, అయిపోయిందంటున్నరు. పట్టే చెయ్యి ఏది? చెయ్యి లేనిదానికి పేరెట్ల పెడ్తరు?"

శారదకు విసుగొచ్చింది. పొద్దున్నుంచీ ముద్ద తినలేదు, గోడ మీద గడియారం మూడుంబావు చూపిస్తోంది. "అవ్వా, ఇది దుకాణం. దీనికి చెయ్యి యాడికెల్లి వస్తది? నువ్వు ఊ అంటే చాలు."

"ఊ అననీకె రాలే నేను."

ఇలాంటప్పుడు మధ్యలోకి రాకపోవడం మంచిదని ఎవరికైనా తెలుసు. బాలకృష్ణకు కూడా తెలుసు. అయినా అతను మౌస్ పట్టుకుని ఏదో వెతకడం మొదలుపెట్టాడు. స్టాల్ ఫారం తెర మీదికి తెచ్చాడు. అంతవరకూ బాణంలా ఉన్న గుర్తు ఆ ఫారం మీదికి రాగానే చిన్న తెల్లటి చెయ్యిగా మారింది. అయిదు వేళ్లూ తెరిచి ఉన్న బుల్లి చెయ్యి.

"పెద్దమ్మా, ఇటు చూడు."

గంగక్క ముందుకు వంగింది.

"ఇప్పుడు నేను ఈ మీట నొక్కి పట్టుకుంట." నొక్కి పట్టాడు. తెర మీద చెయ్యి పిడికిలి మూసింది. వదిలాడు, తెరుచుకుంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ మూసుకుంది.

రోజుకు వందసార్లు చూసే గుర్తు అది. దాన్ని శారద ఆ రోజే నిజంగా చూసింది. బాలకృష్ణను కూడా, కాస్త కొత్తగా. నవ్వులాటకు చేశాడా అని ముందు అనుమానపడింది గానీ అతని మొహంలో నవ్వు లేదు.

గంగక్క స్టూలు తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత, "ఎన్ని దినాల బిడ్డది ఇది?" అని అడిగింది.

"పేరు కోసం ఆగి ఉంది పెద్దమ్మా. ఏడో రోజే అనుకో."

గంగక్క ఆకును ఒళ్లో పెట్టుకుని వేలి కొనతో ఈనె మీద రాసింది. పేరు చెబుతుందని ఇద్దరూ ఎదురు చూశారు.

"పేరేంది అవ్వా?" అంది శారద. గొంతులో విసుగు తగ్గింది గానీ ఇంకేదో వచ్చి చేరింది. "దుకాణానికి ఆకు తెచ్చినవ్. నాకు పెట్టలే గదా."

అది ఆమె చిన్నప్పటి నుంచీ మోస్తున్న మాట. గూడెంలో ఆమె ఈడు పిల్లలందరికీ ఆకు పట్టిన పేర్లు ఉన్నాయి. ఆమెకే బడి పంతులు పెట్టిన పేరు. ఎందుకని అడిగితే, నీ పేరు మంచిగనే ఉంది గదా అని దాటవేసేది తల్లి. ఎనిమిదో ఏటి తర్వాత శారద అడగడం మానేసింది. మానేసిందే గానీ మర్చిపోలేదు.

గంగక్క కూతురి వంక చూడకుండా, తెర మీది చేతినే చూస్తూ చెప్పింది.

"నీకంటె ముందు ఒక పిల్ల పుట్టింది."

బాలకృష్ణ లేచి బయటికి వెళ్లబోయాడు. గంగక్క చేత్తో కూర్చోమంది. "ఉండు బాబు. ఆ చెయ్యి చూపెట్టింది నువ్వు. నువ్వు గూడ ఇను."

ఆమె చెప్పిన తీరులోనే చెబుతాను. నేను దిద్దితే పాడవుతుంది.

"గిట్లనే ఎండకాలం. నెలలు నిండకముందే పుట్టింది, ఇంత ఉండె. పాలు గుంజనీకె సత్తువ లేకుండె. ఏడో రోజు అందరొచ్చిండ్రు. ఆకు పెట్టి తాతమ్మ పేరు చెప్పిండ్రు, పట్టలే. మేనత్త పేరు చెప్పిండ్రు, పట్టలే. మా దిక్కు పేర్లు, మీ అయ్య దిక్కు పేర్లు, చచ్చిపోయినోళ్లయి, బతికున్నోళ్లయి, అన్ని అయిపోయినయ్. ఏడ్వదు, ఆకు ఇసిరికొట్టదు. చెయ్యి అట్లనే తెరుచుకొని ఉంటది, ఆకు దాని మీద ఉంటది. పొద్దు గూట్లె పడ్డది. పెద్దోళ్లు అలసిపోయి, రేపు చూద్దమని ఒక్కొక్కరే లేచి పోయిండ్రు. నేను, మీ అయ్య మిగిలినం.

మీ అయ్య ఇంకొక ఆకు తెంపుకొచ్చిండు. అది అప్పుడే ఏసిన ఆకు, ఎర్రగ, మెత్తగ ఉండె. పిల్ల చేతుల పెట్టిండు. చెప్పనీకె పేర్లు లేవు. ఆకు దిక్కు చూసిండు, పిల్ల దిక్కు చూసిండు. చిగురక్క అన్నడు. గంతే, ఆయన నోటికి అదొచ్చింది. మా వంశంల గా పేరు ఎవ్వరికి లేదు."

"పట్టిందా?" శారద అడిగింది.

"పట్టింది, నేను చూసిన అన్నడు మీ అయ్య. పట్టలే అన్న నేను. తెల్లారకముందే పిల్ల పోయింది."

సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. చివరికి అది స్టార్ట్ అయి వెళ్లిపోయింది.

"గుంత కాడ పేరు పెట్టి పిలుస్తనన్నడు. నా బిడ్డ పేరు పట్టింది, పేరుతోటే పంపిస్త అన్నడు. ఆయన ఆ పేరు నోటికి తెచ్చేలోపే నేను పెద్దోళ్లతోని పట్టలే అని చెప్పిన. తల్లి చెప్పినంక ఇంకెవరి మాట నడుస్తది? పేరు లేకుంటనే మట్టిల పెట్టిండ్రు."

"మరి నిజంగ పట్టలేదా అవ్వా?"

గంగక్క అప్పుడు మొదటిసారి కూతురి కళ్లలోకి చూసింది.

"నేను చూడలే బిడ్డా. నా కండ్లనిండ నీళ్లున్నయ్. మసకమసక ఉండె. పట్టిందో లేదో నాకు తెల్వదు. తెల్వదని చెప్తే అయిపోతుండె. పట్టలే అన్న."

"ఎందుకు?"

"పేరు పట్టిన బిడ్డ పోతే నేను బతకకపోదును. పేరు లేదంటే, అది ఇంక మన ఇంటికి రానే రాలేదు అనుకోవచ్చు. గట్ల అనుకునే బతికిన. మీ అయ్యకు గట్ల అనుకునుడు చాత కాలే."

శారదకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. తనకంటే ముందు ఈ తల్లి ఒళ్లో ఒక పిల్ల ఉండిందని, ఆ పిల్లకు తాను చెల్లెలినని మనసుకు ఎక్కడానికే ఆమెకు కొంతసేపు పట్టింది. ఇరవై మూడేళ్లు ఒంటిపిల్లగా పెరిగిన మనిషికి మధ్యాహ్నం మూడున్నరకు ఒక అక్క దొరికి, అప్పుడే పోయింది.

"నువ్వు పుట్టినంక ఆయన ఆకు తెచ్చిండు" అంది గంగక్క. "నేను లాగి పారేసిన. నాకు మళ్ల ఆ తెరిచిన చెయ్యి చూసే ధైర్యం లేకుండె. బడి పంతులు చెప్పిన పేరు చాలన్న. ఆ దినం కెళ్లి మీ అయ్య ఇంట్ల మాట తగ్గించిండు. ఏడాది గడిచినంక రోడ్డు పని అని పోయిండు. ఆయన నన్ను ఇడిచిపెట్టిండని గూడెమంత అనుకుంటది. అననిచ్చిన. నేనే ఆయన్ను అబద్ధమాడిండని పదిమందిల నిలబెట్టిన, నేను చూడనే లేదన్న మాట ఎవరికి చెప్పలే."

శారద స్టూలు దగ్గరికి జరిగి, కింద గచ్చు మీద కూర్చుని, తల్లి మోకాలికి తల ఆనించింది. గంగక్క ఆమె జుట్టు మీద చెయ్యి వేసింది. విస్తళ్లు కుట్టీ కుట్టీ వెదురుపుల్లలు గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు అవి. శారదకు ఆ వేళ్ల గరుకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆ చేతి కింద ఆమె మనసు నెమ్మదించింది, తల్లి మీద ప్రేమ పొంగింది. ఇన్నేళ్లూ ఈ మనిషి ఒక్కతే ఇంత మోసిందా అని బాధ కూడా కలిగింది.

"ఆ పేరే పెడదాం అవ్వా" అంది.

"అందుకే తెచ్చిన. నిన్న మీరు పేర్లన్ని ఎవరో ఒకరు తీసుకున్నరు, తీసుకున్నరు అంటుంటే ఇన్న. ఎవ్వరు తీసుకోని పేరు నా దగ్గర ఒకటి పడి ఉంది గదా అనిపించింది. రాత్రంత కూర్చున్న. పొద్దున పోయి ఆకు తెంపిన."

బాలకృష్ణ గొంతు సవరించుకున్నాడు. మూడూ నలభై అయింది. అయినా అతను తొందరపెట్టలేదు. మౌస్‌ను గంగక్క వైపు జరిపి, చక్రాల కుర్చీలోంచి లేచి, అది కదలకుండా రెండు చేతులా పట్టుకుని, "ఇందులో కూర్చో పెద్దమ్మా, నేను పట్టుకున్న" అన్నాడు.

గంగక్క కూర్చుంది. శారద ఇప్పాకును మౌస్ మీద పరిచి, తల్లి అరచేతిని దాని మీద పెట్టి, చూపుడువేలు ఎక్కడ నొక్కాలో చూపించింది. తెర మీద బుల్లి చెయ్యి తెరుచుకుని ఉంది. గంగక్క కొంగుతో రెండు కళ్లూ గట్టిగా తుడుచుకుంది. ఒకసారి తుడిచి, సరిపోలేదేమోనని మళ్లీ తుడిచింది. తర్వాత రెప్ప వేయకుండా తెరను చూస్తూ, పసిపిల్ల చెవిలో చెప్పినంత మెల్లగా, "చిగురక్క" అంది.

వేలు నొక్కింది. పిడికిలి మూసుకుంది.

ఆమె వేలు తీయలేదు. అలాగే నొక్కి పట్టుకుని కూర్చుంది. ఇరవై అయిదేళ్ల కిందట చూడలేకపోయినదాన్ని తనివితీరా చూస్తోంది.

"పట్టింది" అంది కాసేపటికి. "ఈసారి చూసిన."

బాలకృష్ణ కుర్చీ వదిలి మూలనున్న యూపీఎస్ దగ్గరికి వెళ్లి, దాని వైర్లు సరిచేస్తున్నట్టు వంగాడు. ఆ వైర్లకు ఏమీ కాలేదని చెప్పడం నా ధర్మం.

శారదే మౌస్ తీసుకుంది. ఫారంలో సంస్థ పేరు దగ్గర చిగురక్క అని కొట్టింది. ఇక మిగిలింది వెబ్‌సైటు అడ్రసు. పేర్లు వెతికే పేజీ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో చిగురక్క అని కొట్టి, చివర డాట్ కామ్ చేర్చి, ఎంటర్ నొక్కింది. పొద్దున్నుంచీ నలభైసార్లు నొక్కిన బటనే. ఈసారి భయం లేకుండా నొక్కింది. ఇవాళ్టి దాకా ప్రపంచంలో ఇద్దరు మనుషులకు తప్ప ఎవరికీ తెలియని పేరు ఇది.

పేజీ మెల్లగా వచ్చింది. ఎర్రటి అక్షరాలు ఒక వరుస.

శారద మళ్లీ చదివింది. అక్షరాలు తప్పు కొట్టానేమోనని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసింది. తప్పేం లేదు.

"ఏమంటుంది?" అంది గంగక్క.

"ఎవరో తీసుకున్నరు అవ్వా."

"ఆ పేరు ఎవ్వరికి తెల్వదు. నాకు, మీ..." అని గంగక్క ఆగిపోయింది.

బాలకృష్ణ యూపీఎస్ వదిలేసి పరుగున వచ్చాడు. "ఎవరి పేరు మీద ఉందో చూడొచ్చు. అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ ఉంటయ్" అంటూ ఇంకో పేజీ తెరిచాడు. ఇంగ్లీషులో చాలా వరుసలు వచ్చాయి. రెండేళ్ల కిందట తీసుకున్న పేరు అది. తీసుకున్నవాళ్ల ఊరు జూలూరుపాడు. ఒక్క పూట బస్సు ప్రయాణం. ఆ పైవరుసలో మనిషి పేరు ఉంది. అది చదివి బాలకృష్ణ పక్కకు తప్పుకున్నాడు.

శారద చదివింది. తెరను చేత్తో కప్పేయాలనిపించింది.

"చదువు బిడ్డా" అంది గంగక్క. "ఎవరు?"

తండ్రిని పిలవాల్సిన అవసరం శారదకు బతుకులో ఎప్పుడూ రాలేదు. ఆ మాట ఆమె నోటికి అలవాటు లేదు. అందుకే అది కొంచెం వంకరగా, చిన్నపిల్ల పలికినట్టు వచ్చింది.

"అయ్య" అంది. "పూనెం దూలయ్య."

గంగక్క ఏడుస్తుందనుకుని శారద ఆమె భుజం పట్టుకుంది. గంగక్క ఏడవలేదు. మౌస్ మీది ఆకును జాగ్రత్తగా తీసి, మడత పడకుండా అరచేతిలో పెట్టుకుంది. "బతికే ఉన్నడు" అంది. తర్వాత, "పేరు పడేయలే" అంది. మొదటి మాటకంటే రెండో మాటకే ఆమె గొంతు ఎక్కువ వణికింది.

"ఏం చేద్దాం అవ్వా? ఇంకో పది నిమిషాల్ల కరెంటు పోతది. వేరే పేరు చూద్దమా?"

"ఆ చెయ్యి పట్టినంక వేరే పేరేంది? ఫోన్ కలుపు. ఆయన పేరు ఆయన్నే అడుగుత. ముందుగాల ఇంకో మాట చెప్పేది ఉంది, అది చెప్పి అడుగుత."

ఆ ముందు మాట ఏమిటో గదిలో ముగ్గురికీ తెలుసు. బాలకృష్ణ తన సెల్‌లో నంబరు కొట్టి, స్పీకరు పెట్టి, బల్ల మీద గంగక్క ముందు ఉంచాడు. ఆమె కొంగు సర్దుకుంది. జుట్టు సర్దుకుంది. ఫోన్లో మనిషి కనబడడని ఆమెకు తెలుసు, అయినా సర్దుకుంది.

ఒక రింగు. రెండు. మూడు. శారద తల్లి చేతిని పట్టుకుంది.

అయిదో రింగుకు ఎత్తారు. మగగొంతు కాదు. ఆడపిల్ల గొంతు, పని మధ్యలోంచి వచ్చినట్టుంది, కొంచెం ఆయాసంగా ఉంది.

"హలో, ఎవరు? అయ్య ఇంట్ల లేడు. ఏమన్న చెప్పాల్నా?"

గంగక్క ఫోన్‌ను కూతురి వైపు జరిపింది. శారదే ఫోన్ వైపు వంగి, "మీరెవరు మాట్లాడేది?" అని అడిగింది.

"నేను చిగురక్కను" అంది ఆ పిల్ల.

బాలకృష్ణ శారద వంక చూశాడు. శారద తల్లి వంక చూసింది. గంగక్క అరచేతిలో ఇప్పాకు ఉంది. ఆమె వేళ్లు దాని మీద ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. ఫోన్లో ఆ పిల్ల, హలో, ఇనబడ్తుందా అంటోంది. గంగక్క ముందుకు వంగి, ఆ చిన్న ఫోనుకు మొహం దగ్గరగా పెట్టి, ఇన్నేళ్లలో శారద కూడా ఎప్పుడూ విననంత మెత్తటి గొంతుతో అడిగింది.

"నీకు ఎన్నేండ్లు బిడ్డా?"